ఆశించే మేలు, పాటించే జాగ్రత్త: తావూన్ చరిత్ర చెప్పే పాఠం

మనిషి మేలును ఆశించి పనిచేస్తాడు. రైతు పంట మీది ఆశతో విత్తనం చల్లుతాడు. వర్తకుడు లాభం మీది ఆశతో పెట్టుబడి పెడతాడు. రోగి నయమవుతుందన్న ఆశతో చేదు మందు మింగుతాడు. అయితే ఆరోగ్య రక్షణ విషయంలో ఈ ఆశకు ఒక చిక్కు ఉంది. చేతికి వచ్చిన పంట కంటికి కనిపిస్తుంది. రాకుండా పోయిన రోగం ఎవరికీ కనిపించదు. టీకా వేయించిన బిడ్డకు మశూచి సోకకపోతే, అది టీకా వల్ల జరిగిందో, మామూలుగానే సోకేది కాదో ఆ తల్లి చెప్పలేదు. రెండవ చిక్కు ఇంకా పెద్దది. జాగ్రత్త తాలూకు కష్టం ఒకరి మీద పడుతుంది. దాని ఫలితం చాలాసార్లు మరొకరికి చేరుతుంది.

ముస్లిముల చరిత్రలో ఈ రెండు చిక్కులూ అన్నిటికంటే స్పష్టంగా బయటపడిన సందర్భం తావూన్, అనగా ప్లేగు. 18, 19 శతాబ్దాలలో తూర్పు దేశాలు తిరిగిన ఐరోపా యాత్రికులలో అనేకులు ముస్లిములను గురించి ఒకే మాట రాశారు: వీరు విధిని నమ్మి చేతులు ముడుచుకొని కూర్చుంటారు, మహమ్మారి వచ్చినా కదలరు, జాగ్రత్త పడరు. ఈ అభిప్రాయం తరువాత పాఠ్యపుస్తకాలకూ ప్రభుత్వ నివేదికలకూ పాకింది. చివరకు మనలో కొందరు దానిని మన గుణంగానే ఒప్పుకున్నారు. ఈ ఆరోపణలో నిజమెంత? తఖ్దీరును నమ్మే సమాజం మేలుకీళ్ళను ఎలా తూచింది? చరిత్రనే అడిగి చూడాలి.

సర్గ్ వద్ద జరిగిన చర్చ

హజ్రత్ ఉమర్ (రజి) ఖిలాఫత్ కాలంలో, పాలస్తీనాలోని అమ్వాస్ అనే ఊళ్ళో మొదలైన ప్లేగు షామ్ దేశమంతటా వ్యాపించింది. చరిత్రకారులు దీనిని హిజ్రీ 17 లేక 18 (క్రీ.శ. 638-639) నాటిదిగా చెబుతారు. మృతులు 25 వేలని సంప్రదాయ కథనాలలో ఉంది. షామ్ పర్యటనకు బయలుదేరిన ఖలీఫా హిజాజ్ సరిహద్దున ఉన్న సర్గ్ చేరేసరికి, సేనానులు ఎదురువచ్చి ఈ వార్త చెప్పారు.

ఉమర్ (రజి) వెంటనే నిర్ణయం తీసుకోలేదు. ముందు ముహాజిరులను పిలిచి సలహా అడిగారు. వారు రెండు పక్షాలుగా చీలిపోయారు. అన్సారులను అడిగితే వారూ అదే విధంగా చీలిపోయారు. చివరకు ఖురైషు పెద్దలను పిలిపించగా, ప్రజలను వెంటబెట్టుకొని వెనక్కు మరలడమే మంచిదని వారంతా ఏకకంఠంతో అన్నారు. ఉమర్ (రజి) తిరుగు ప్రయాణం ప్రకటించారు. అప్పుడు హజ్రత్ అబూ ఉబైదా (రజి) ఒక ప్రశ్న వేశారు. ఇది అల్లాహ్ నిర్ణయం నుండి పారిపోవడం కాదా అని ఆయన సందేహం.

ఉమర్ (రజి) ఇచ్చిన సమాధానం ప్రసిద్ధమైనది. అల్లాహ్ నిర్ణయాలలో ఒకదాని నుండి మరొక దానివైపే వెళుతున్నామని ఆయన అన్నారు. దానికొక దృష్టాంతం కూడా చెప్పారు. ఒక లోయకు ఒక వైపు పచ్చిక ఉంది, రెండవ వైపు బీడు. ఒంటెలను ఏ వైపు మేపినా అది అల్లాహ్ నిర్ణయమే. మరి కాపరి వాటిని ఎటువైపు తోలుకుపోతాడు?

ఇక్కడ గమనించదగిన విషయం ఒకటుంది. ఉమర్ (రజి) విధిని కాదనలేదు. విధిని నమ్మినంత మాత్రాన కాపరికి పచ్చిక ఎటు ఉందో చూసే బాధ్యత తప్పదని చెప్పారు. తఖ్దీర్ విశ్వాసానికీ, మేలును బేరీజు వేయడానికీ పరస్పర విరోధం లేదన్నమాట. ఇంతలో, మరేదో పని మీద వెళ్ళి ఉన్న హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) వచ్చి, తాను దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) నుండి విన్న ఆదేశాన్ని తెలిపారు. తావూన్ ఒక ప్రాంతంలో ఉన్నదని వింటే అక్కడికి వెళ్ళరాదు. తాము ఉన్న చోటికే అది వస్తే, దాని నుండి తప్పించుకోవడానికి ఆ ఊరు విడిచి పోరాదు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ నమోదైన ఉదంతమిది. ఉమర్ (రజి) అల్లాహ్ ను స్తుతించి వెనక్కు మరలారు.

ఉండిపోయిన వారికి దక్కేదేమిటి?

ఈ ఆదేశంలోని రెండు భాగాలూ ఒకే తీరువి కావు. మొదటి భాగాన్ని పాటించడం తేలిక. రోగమున్న ఊరికి వెళ్ళకపోతే మేలు వెళ్ళని వాడికే. రెండవ భాగం కఠినమైనది. ఊళ్ళో చావులు మొదలయ్యాయి. ఆరోగ్యంగా ఉన్నవాడు పారిపోతే బతుకుతానని ఆశపడతాడు. ఉండిపొమ్మంటే ప్రమాదం అతనిది. మేలు మాత్రం అతని ద్వారా రోగం సోకే ప్రమాదం తప్పిన పొరుగూరి వారిది, అతని సేవ పొందే రోగులది. తన లెక్కలో నష్టం, ఇతరుల లెక్కలో లాభం. ఇటువంటి పనికి మనిషిని ఒప్పించడం ఏ రాజ్యానికైనా కష్టమే.

ఈ సమస్యకు ఇస్లాం చూపిన మార్గాన్ని హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించిన హదీసు తెలుపుతోంది. తావూన్ వచ్చినప్పుడు సహనంతో, అల్లాహ్ రాసిపెట్టినది తప్ప మరేదీ తనకు జరగదన్న విశ్వాసంతో, ప్రతిఫలాపేక్షతో తన ఊళ్ళోనే ఉండిపోయిన వానికి షహీదుకు దక్కేటంత పుణ్యం లభిస్తుందని దాని భావం. అంటే ఇహలోకపు లెక్కలో లోటుగా కనిపించే చోట పరలోకపు లాభాన్ని చేర్చి, ఆ లెక్కను సరిచేయడం జరిగింది. మనిషి తన మేలు కోరుకోవడం తప్పని ఇస్లాం అనలేదు. మేలు అనే మాట పరిధిని విస్తరించింది.

ఈ నమ్మకం ఎంత బలమైనదో అబూ ఉబైదా (రజి) జీవితమే చూపింది. ఆయనను కాపాడుకోవాలని ఉమర్ (రజి) ఏదో అవసరముందంటూ మదీనాకు రమ్మని లేఖ రాశారు. లేఖలోని అంతరార్థం గ్రహించిన అబూ ఉబైదా (రజి), సైనికులను విడిచి రాలేనని వినయంగా జవాబు పంపారు. అది చదివి ఉమర్ (రజి) కంటతడి పెట్టారని ఉల్లేఖనాలు చెబుతున్నాయి. అయితే ఉమర్ (రజి) అంతటితో ఊరుకోలేదు. సైన్యాన్ని పల్లపు నేల నుండి ఎత్తైన, ఆరోగ్యకరమైన చోటికి తరలించమని మళ్ళీ రాశారు. ఆ ప్రయత్నంలోనే అబూ ఉబైదా (రజి) ప్లేగుతో మరణించారు. తరువాత బాధ్యత తీసుకున్న హజ్రత్ ముఆజ్ బిన్ జబల్ (రజి) కూడా అదే వ్యాధికి గురై మరణించారు. పిమ్మట హజ్రత్ అమ్ర్ బిన్ ఆస్ (రజి) ప్రజలను కొండలలోకి చెదరిపొమ్మని ఆజ్ఞాపించారనీ, వ్యాధి తగ్గుముఖం పట్టిందనీ చరిత్రకారులు రాశారు. ఒక పక్క షహాదత్ మీది ఆశ, మరొక పక్క ప్రాణరక్షణకు ప్రయత్నం. ఈ రెండూ ఒకే తరం సహాబీలలో కలిసి ఉన్నాయి.

ఇమామ్ గజాలీ తూనిక

నాలుగు శతాబ్దాల తరువాత ఇమామ్ గజాలీ (1058-1111) తన ‘ఇహ్యా ఉలూమిద్దీన్’ లోని తవక్కుల్ అధ్యాయంలో ఈ ప్రశ్నను శాస్త్రీయంగా విడదీశారు. హానిని తొలగించే సాధనాలను ఆయన మూడు తరగతులుగా విభజించారు. మొదటిది నిశ్చయమైనవి: దాహానికి నీరు, ఆకలికి రొట్టె వంటివి. రెండవది ఫలిస్తాయని బలంగా అనుకోదగినవి: వైద్యులు ఇచ్చే మందుల వంటివి. మూడవది కేవలం ఊహ మీద ఆధారపడినవి. మొదటి తరగతిని వదిలివేయడం తవక్కుల్ కానే కాదు. ప్రాణభయం ఉన్నప్పుడు అలా వదలడం నిషిద్ధం. రెండవ తరగతిని ఉపయోగించడం తవక్కుల్ కు విరుద్ధం కాదు. మూడవ తరగతిని పట్టుకు వేలాడటమే తవక్కుల్ కు తగనిది.

ఈ విభజన సారాంశం ఒక్కటే. ఒక సాధనం నుండి ఆశించే మేలు ఎంత నమ్మదగినదో దానిని బట్టి దాని విధి మారుతుంది. ‘దైవం మీద భారం వేశాను’ అన్న ఒక్క మాటతో నీటినీ, మందునూ, మూఢనమ్మకాన్నీ ఒకే గాటన కట్టడానికి వీల్లేదు.

ఇదే తూనికను గజాలీ తావూన్ కు కూడా వర్తింపజేశారు. చెడ్డ గాలిని చాలాకాలం పీల్చినందువల్ల ఈ వ్యాధి లోపల నాటుకుంటుందని నాటి వైద్యుల సిద్ధాంతం. కాబట్టి ఆ ఊళ్ళో ఉన్నవాడు తరువాత పారిపోయినా తప్పించుకుంటాడన్నది ఊహ మాత్రమేనని ఆయన అన్నారు. ఆరోగ్యవంతులంతా వెళ్ళిపోతే జరిగే నష్టం మాత్రం ఊహ కాదు. ఊళ్ళో రోగులు మాత్రమే మిగులుతారు. వారికి నీళ్ళిచ్చే చెయ్యి, అన్నం పెట్టే మనిషి ఉండరు. ఊహామాత్రమైన స్వలాభం కోసం కళ్ళెదుట కనిపించే పరుల నష్టాన్ని తెచ్చిపెట్టరాదన్నది ఆయన తీర్పు. అంతేకాదు, ఊళ్ళో రోగులే మిగిలి, వారికి సేవకులు అవసరమైతే, సహాయం కోసం బయటివారు ఆ ఊళ్ళోకి వెళ్ళడం మెచ్చదగిన పని కావచ్చునని కూడా ఆయన రాశారు. వైద్యుల గాలి సిద్ధాంతం నేడు నిలవదు. ప్లేగు ఒక సూక్ష్మజీవి వల్ల వస్తుందనీ, ఎలుకల ఒంటిమీది కీటకాలు దానిని మోస్తాయనీ, ఊపిరితిత్తులకు పట్టిన ప్లేగు మనిషి నుండి మనిషికి నేరుగా సోకుతుందనీ 1894 తరువాతి పరిశోధనలు తేల్చాయి. కానీ గజాలీ తూచిన పద్ధతి మాత్రం పాతబడలేదు.

గ్రనాడా, డమాస్కస్, కైరో

1348లో ‘నల్ల మృత్యువు’ మధ్యధరా సముద్ర తీరాలన్నిటినీ ఊడ్చివేసినప్పుడు ఈ తూనిక మళ్ళీ పరీక్షకు నిలిచింది. గ్రనాడా మంత్రి లిసానుద్దీన్ ఇబ్నుల్ ఖతీబ్ (1313-1374) ప్లేగు మీద రాసిన గ్రంథంలో, అంటువ్యాధి అన్నది అనుభవం, పరిశీలన, నమ్మదగిన వార్తల ద్వారా రుజువైన సత్యమని వాదించాడు. రోగి బట్టల ద్వారా, చివరకు చెవిపోగుల ద్వారా వ్యాధి ఇంటింటికీ పాకడం చూశామన్నాడు. మొరాకో తీరంలోని సలా పట్టణంలో ఇబ్ను అబీ మద్యన్ అనే సజ్జనుని ఉదాహరణ చూపాడు. ఆయన ఆహారం నిల్వచేసుకొని, తన పెద్ద కుటుంబంతో ఇంట్లో ఉండి వాకిలి మూసి గోడ కట్టించాడు. పట్టణం నాశనమైనా ఆ ఇంట ఒక్క ప్రాణం పోలేదు. సిద్ధాంతాలకంటే ఇటువంటి ఇల్లు ఒకటి కనబడితే జనానికి నమ్మకం ఎక్కువ కలుగుతుంది.

అయితే ఆశ కొన్నిసార్లు చూపునే మార్చివేస్తుంది. ఆ ఏడాదే డమాస్కస్ లో ప్రజలు మూడు రోజులు ఉపవాసముండి, ఊరేగింపుగా వెళ్ళి సామూహికంగా ప్రార్థించారు. యూదులు, క్రైస్తవులు కూడా తమ గ్రంథాలతో కలిసి నడిచారు. దానిని చూసిన యాత్రికుడు ఇబ్ను బతూతా, ఆ తరువాత అల్లాహ్ ఆపదను తేలిక చేశాడని రాసుకున్నాడు. అదే కాలపు డమాస్కస్ ను గురించి మన్బిజీ అనే పండితుడు రాసినది వేరు. జనం ఎడారి మైదానానికి వెళ్ళి ప్రార్థించిన తరువాత వ్యాధి ఇంకా ఉధృతమైందని ఆయన సాక్ష్యం.

ఈ సాక్ష్యాన్ని భద్రపరచినవాడు హాఫిజ్ ఇబ్ను హజర్ అస్ఖలానీ (1372-1449). ఆయనకు ప్లేగు పుస్తకాల విషయం కాదు, ఇంటి దుఃఖం. హిజ్రీ 819లో ఆయన ఇద్దరు కుమార్తెలు దానికి బలయ్యారు. హిజ్రీ 833 (క్రీ.శ. 1430)లో గర్భవతిగా ఉన్న పెద్ద కుమార్తె కూడా పోయింది. మొదటి దుఃఖంలో ఆరంభించిన గ్రంథం ‘బజ్లుల్ మాఊన్’ ను ఆయన రెండవ దుఃఖం తరువాత పూర్తి చేశాడు. అందులో 833 నాటి కైరో గురించి ఆయన రాసిన విషయం గమనించదగినది. వ్యాధి మొదలైనప్పుడు రోజుకు మృతులు నలభై మందికి లోపే. మూడు రోజుల ఉపవాసం తరువాత జనం మైదానంలో సమావేశమై ప్రార్థించి తిరిగివచ్చారు. ఆ నెల ముగియకముందే మృతుల సంఖ్య రోజుకు వెయ్యి దాటింది. ఇటువంటి సమావేశానికి సహాబీల కాలంలో ఆధారం లేదని ఆయన విమర్శించాడు.

ఇబ్ను హజర్ అంటువ్యాధి సిద్ధాంతాన్ని ఒప్పుకున్నవాడు కాదు. ఆ విషయంలో ఆయనకంటే ఇబ్నుల్ ఖతీబే సత్యానికి దగ్గరగా ఉన్నాడని ఒప్పుకోవాలి. అయినా తాను ఒప్పుకోని సిద్ధాంతానికి బలం చేకూర్చే అంకెలను దాచకుండా రాయడం ఆ మహా పండితుని నిజాయితీ. దుఆ చేయవద్దని ఆయన అనలేదు. ఎవరి ఇంట్లో వారు వేడుకోవడానికి అడ్డేముంది? గుంపు కూడితే మేలు జరుగుతుందన్న ఆశకే ఆయన ఆధారం అడిగాడు.

టీకా మచ్చ, సైన్యం ముద్ర

ఇక ఆధునిక యుగానికి వస్తే తూచే పద్ధతి అదే, తూకపు రాళ్ళు మాత్రం ప్రభుత్వాల చేతిలోకి వెళ్ళాయి. ఈజిప్టు పాలకుడు ముహమ్మద్ అలీ (పాలన 1805-1848) ఫ్రెంచి వైద్యుడు క్లోట్ సహాయంతో 1827లో వైద్య పాఠశాల స్థాపించి, గ్రామాలలో మశూచి టీకాలు వేయించసాగాడు. పల్లె తల్లులు బిడ్డలను దాచారు. ఐరోపా పరిశీలకులకు ఇది మళ్ళీ విధి మీది మూఢ నమ్మకంగానే తోచింది.

వాస్తవం వేరు. 1820ల నుండి అదే ప్రభుత్వం రైతు బిడ్డలను బలవంతంగా సైన్యంలోకి లాక్కుపోతోంది. దాని నుండి తప్పించుకోవడానికి యువకులు చూపుడు వేలు నరుక్కున్నారు, కన్ను పోగొట్టుకున్నారు. అటువంటి ప్రభుత్వపు మనిషి వచ్చి బిడ్డ చేతిమీద చెరగని మచ్చ వేస్తానంటే, రేపు సైన్యానికి పట్టుకుపోవడానికి వేసే గుర్తు అదేనని తల్లి భయపడింది. ఆమె లెక్కలో మశూచి ఒక సందేహం, సైన్యం ఒక నిశ్చయం. ఆమెకు తెలిసినంతలో ఆమె తూచినది తప్పు కాదు.

ఈ పరిస్థితిని కొంతైనా మార్చినవారు స్త్రీలు. 1832లో మంత్రసాని విద్య కోసం స్థాపించిన పాఠశాలలో మొదట గృహస్థుల పిల్లలెవరూ చేరలేదు. బానిస బాలికలతో తరగతులు మొదలయ్యాయి. అక్కడ చదివిన ‘హకీమా’లు పురుషులకు ప్రవేశం లేని లోగిళ్ళలోకి వెళ్ళి ప్రసవాలు చేశారు, టీకాలు వేశారు. టీకా అదే, వేసే చెయ్యి మారింది. కష్టకాలంలో ఆదుకున్న చేతి నుండి మేలును ఆశించడం తేలిక.

బొంబాయి అనుభవం

మన దేశంలో 1896లో బొంబాయికి ప్లేగు వచ్చినప్పుడు ఇదే పాఠం పునరావృతమైంది. 1897 నాటి అంటువ్యాధుల చట్టం కింద సోదా బృందాలు ఇళ్ళలోకి చొరబడి రోగులను బలవంతంగా తరలించాయి. పరదా పాటించే స్త్రీలను పరపురుషులు పరీక్షించడం, ఆసుపత్రికి వెళ్ళినవారిలో చాలామంది తిరిగిరాకపోవడం ముస్లిములనూ హిందువులనూ సమానంగా కలవరపెట్టాయి. 1898 మార్చిలో జులాహా నేతపనివారి పేటలో జనం తిరగబడ్డారు. కాల్పులు జరిగాయి. చివరకు ప్రభుత్వం బలవంతాన్ని సడలించి, ఆయా సముదాయాలు నడిపే ఆసుపత్రులకు చోటివ్వవలసి వచ్చింది.

అదే కాలంలో మరొక దృశ్యం కూడా ఉంది. వైద్య శాస్త్రవేత్త హాఫ్కిన్ 1897 జనవరిలో తాను తయారుచేసిన ప్లేగు టీకాను మొదట తన శరీరంలోనే వేసుకున్నాడు. ఇస్మాయిలీల నాయకుడు, అప్పటికి ఇరవై ఏళ్ళ వయసు ఆగా ఖాన్, అనుచరులందరికీ తెలిసేలా బహిరంగంగా టీకా వేయించుకున్నాడు. తమ పెద్ద క్షేమంగా ఉండటం కళ్ళారా చూసి ఆ సముదాయం ముందుకు వచ్చింది. లాఠీ సాధించలేనిది ఒక ఉదాహరణ సాధించింది.

ఉలమా బాధ్యత

ఈ పదమూడు శతాబ్దాల కథలో ‘ముస్లిముల విధివాదం’ అన్న ఆరోపణ ఎక్కడ నిలుస్తుంది? సర్గ్ వద్ద నిలవలేదు. ఇహ్యా పుటలలో నిలవలేదు. టీకాకు భయపడిన ఈజిప్టు తల్లి దగ్గర కూడా నిలవలేదు. ఆమె చేతులు ముడుచుకొని కూర్చోలేదు, బిడ్డను కాపాడుకోవడానికే దాచింది. జనం ఎప్పుడూ మేలును తూచారు. తమకు కనిపించిన మేలునే తూచారు. కనిపించని మేలును చూపించవలసిన వారు, పాలకులు గానీ పండితులు గానీ, తమ పని చేశారా లేదా అన్నదే అసలు ప్రశ్న.

పోలియో చుక్కల విషయంలో ఉత్తర భారతంలోని కొన్ని ముస్లిం వాడలలో వదంతులు లేచినప్పుడు, అలీగఢ్, జామియా మిల్లియా వంటి విద్యాసంస్థలూ మసీదుల ఇమాములూ ముందుకు వచ్చి నచ్చజెప్పారు. దేశంలో సహజంగా వచ్చిన చివరి పోలియో కేసు 2011 జనవరిలో నమోదైంది. 2020లో కరోనా వచ్చినప్పుడు మసీదులలో జమాత్ ను పరిమితం చేయడానికి ఉలమా ఆధారంగా చూపినది అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) సర్గ్ వద్ద వినిపించిన ఆ హదీసునే.

అయినా జుమా నాడు మింబర్ ఎక్కే ప్రతి ఖతీబూ తనను తాను ప్రశ్నించుకోవలసినది ఒకటుంది. బిడ్డకు టీకా వేయించాలా అని ఒక తల్లి అడిగితే, ఆమెను ‘తవక్కుల్ చెయ్యి’ అన్న ఒక్క మాటతో పంపివేస్తున్నామా, లేక పచ్చిక ఏ వైపు ఉందో చూపుతున్నామా? లోయకు రెండు వైపులా అల్లాహ్ నిర్ణయమే. అయితే ఉమర్ (రజి) చెప్పిన కాపరి బీడువైపు తోలుకుపోలేదు. అతనికి పచ్చిక కనిపించింది. కనిపించని వారికి దానిని చూపడం విద్యావంతుల మీద ఉన్న అమానతు.